తెల్లారేదాకా ఆగని జబ్బులు

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క రాత్రి తిండి తిన్న కొన్ని గంటలకు కుదురుగా ఉండలేకపోతుంది. పడుకుంటుంది, లేస్తుంది, గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుంది. మెడ సాచి వాంతి చేసుకోబోతుంది గానీ చొంగ, నురగ తప్ప ఏమీ రాదు. పక్కటెముకల వెనక పొట్ట బిగుసుకుపోయి, వేలితో తడితే బోలుగా మోగుతుంది. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. ఇంత రాత్రప్పుడు ఎవరు చూస్తారులే, పొద్దున్నే తీసుకెళ్దాం అనుకుంటారు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్మన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి జాతుల్లో ఈ లక్షణాలు కనిపించాక పొద్దుటిదాకా ఆగితే ఆ కుక్క బతికే అవకాశం చాలా తక్కువ.

లోపల జరుగుతున్నది ఇది. జీర్ణాశయం గాలితో ఉబ్బి, ఉన్నచోటే తిరగబడుతుంది. ఆ తిరుగుడు 180 డిగ్రీలు ఉండవచ్చు, ఒక్కోసారి 360 డిగ్రీల దాకా పోవచ్చు. మూతి మెలిపెట్టి కట్టిన సంచిలా అటు అన్నవాహిక, ఇటు పేగు రెండూ మూసుకుపోతాయి. గాలి పైకి రాదు, కిందికి పోదు. పశువైద్యులు దీన్ని గ్యాస్ట్రిక్ డైలటేషన్ వాల్వులస్ అంటారు, పొట్టిగా జీడీవీ. అయితే ప్రాణం తీసేది ఆ గాలి కాదు. ఉబ్బిన జీర్ణాశయం శరీరం వెనక భాగం నుంచి గుండెకు రక్తం చేరవేసే మహాసిరను అదిమేస్తుంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే సిరనూ నొక్కేస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా పంపడానికి దాని దగ్గరకు చాలినంత రక్తం రాదు. కుక్క షాక్‌లోకి వెళుతుంది. రక్తం అందని జీర్ణాశయపు గోడ నల్లబడి చచ్చుబడటం మొదలవుతుంది, గుండె లయ తప్పుతుంది. ఇదంతా కొన్ని గంటల్లో జరిగిపోతుంది.

చికిత్స వరుస కూడా ఈ దెబ్బను బట్టే ఏర్పడింది. సెలైన్‌ను ముందుకాళ్ల సిరల్లో, వీలైనంత లావు సూదులతో, వేగంగా ఎక్కిస్తారు. వెనక కాళ్లలో ఎక్కిస్తే అదిమి ఉన్న మహాసిరను దాటి గుండెను చేరడం కష్టం. ఆ తర్వాత నోటి నుంచి గొట్టం వేసో, పొట్ట పక్కనుంచి సూది గుచ్చో గాలి తీస్తారు. కుడి పక్కన పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో మెలిక స్పష్టంగా కనిపిస్తుంది. చివరికి ఆపరేషన్. జీర్ణాశయాన్ని యథాస్థానానికి తిప్పి, చచ్చుబడిన భాగం ఉంటే కోసి తీసేసి, మళ్లీ తిరగకుండా కుడివైపు పొట్ట గోడకు కుట్టేస్తారు. ఈ కుట్టునే గ్యాస్ట్రోపెక్సీ అంటారు.

బ్రిటన్‌లో ప్రధానంగా రాత్రిపూట, సెలవు రోజుల్లో నడిచే అత్యవసర పశువైద్యశాలల సంస్థ ఒకటుంది. పేరు వెట్స్ నౌ. 2012 నుంచి 2014 దాకా దాని 50 క్లినిక్కులకు వచ్చిన సుమారు 77 వేల కుక్కల రికార్డులను పరిశోధకులు జల్లెడ పట్టి, 2017లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో జీడీవీగా భావించిన కేసులు 0.64 శాతం. ఆ కుక్కల్లో ప్రాణాలతో ఇంటికి వెళ్లినవి దాదాపు సగం. ఆపరేషన్ దాకా వెళ్లినవాటిని మాత్రమే విడిగా లెక్కిస్తే, బతికినవి 79 శాతం.

సగానికీ, 79 శాతానికీ మధ్య ఉన్న తేడాను కాస్త నిలబడి చూడాలి. ఆపరేషన్ బల్ల దాకా చేరిన కుక్కల్లో అయిదింట నాలుగు నిలిచాయంటే, చనిపోయినవాటిలో ఎక్కువ భాగం ఆ బల్ల దాకా చేరనివే. కొన్నిటికి అప్పటికే పరిస్థితి చేజారి ఉండవచ్చు, కొన్నిటికి వయసు మీరి ఉండవచ్చు, కొన్ని ఇళ్లలో డబ్బు లేకపోయి ఉండవచ్చు. రాత్రి వైద్యం గురించి చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇక్కడే ఉంది. మొదటి రోగనిర్ధారణ డాక్టరు చేసేది కాదు. ఇంట్లో, లైటు వేసుకుని కుక్క పక్కన కూర్చున్న మనిషి చేసేది. ఇది ఆగే జబ్బా, ఆగని జబ్బా అనే ఆ ఒక్క నిర్ణయం మీదే తర్వాతి వైద్యమంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ నిర్ణయానికి కావలసిన శాస్త్రం పెంపకందారుడి చేతిలో ఉండాలి.

జీడీవీ విషయంలో ఒక మంచి కబురుంది, దాన్ని ముందే అడ్డుకునే వీలుంది. గ్రేట్ డేన్‌లలో మూడో వంతుకు పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఉబ్బరం బారిన పడతాయని అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంచనా వేశారు. అలాంటి జాతులకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సమయంలోనే గ్యాస్ట్రోపెక్సీ కుట్టు కూడా వేయించవచ్చు. అది పట్టపగలు, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు, తొందర లేకుండా జరిగే పని.

రాత్రి ఆసుపత్రి తలుపు దాటగానే జరిగేది చాలామందికి కొత్తగా ఉంటుంది. వరుసలో ముందొచ్చినవారిని ముందు చూడరు. ఒక నర్సు నిమిషం, రెండు నిమిషాల్లో కుక్కను పరీక్షించి ఎవరు ముందో తేలుస్తుంది. దీన్ని ట్రయాజ్ అంటారు. ఆమె చూసేవి నాలుగే విషయాలు: ఊపిరి ఎలా ఆడుతోంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయి, కుక్క స్పృహలో ఉందా. వీటిలో చిగుళ్ల పరీక్ష ఎవరైనా ఇంట్లో నేర్చుకోవచ్చు. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ కుంటుపడుతున్నట్టు. పాలిపోయి తెల్లగా ఉన్నా, నీలంగా ఉన్నా, ఇటుక రంగులోకి మారినా ఆగకూడదు. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలివైపు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న రోజున తమ కుక్క రంగు ఏమిటో చూసి పెట్టుకున్నవారికే జబ్బు రోజున తేడా తెలుస్తుంది. అలాగే, నిద్రలో ఉన్న కుక్క నిమిషానికి 30 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే అనుమానించాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనిషి కొలతతో చూసి జ్వరం అనుకుని కంగారుపడటం తరచూ జరిగేదే.

వాంతి లేని ఓకరింపులు, ఊపిరి అందకపోవడం, లేవలేకపోవడం, ఆగని రక్తం, విషం తిన్నదన్న అనుమానం, మూత్రం కోసం ముక్కుతున్నా చుక్క రాకపోవడం, ఇవన్నీ రాత్రి ఏ వేళకైనా బయల్దేరాల్సినవే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి నీరసిస్తే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. అదీ ఆగదు. ఒక్కసారి వాంతి చేసుకుని మళ్లీ హుషారుగా తిరుగుతున్న కుక్క, కాస్త కుంటుతున్నా కాలు నేల మీద పెడుతున్న కుక్క, దురదతో గోక్కుంటున్న కుక్క పొద్దుటిదాకా ఆగగలవు.

బ్రిటన్‌లో ఇలా రాత్రివేళ వైద్యం అందడం వెనక ఒక నియమం ఉంది. అక్కడ పశువైద్యుల వృత్తిని నియంత్రించే రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్, ప్రాక్టీసులో ఉన్న ప్రతి పశువైద్యుడూ 24 గంటలూ అత్యవసర ప్రథమ చికిత్స, నొప్పి నివారణ అందేలా ఏర్పాటు చేసి తీరాలంటుంది. ఒకప్పుడు పగలంతా పనిచేసిన డాక్టరే రాత్రి ఫోను కూడా ఎత్తేవాడు. నిద్రలేని డాక్టరు మర్నాడు మళ్లీ ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడాల్సి వచ్చేది. 2001లో స్కాట్లండ్‌లో మొదలైన వెట్స్ నౌ ఆ రాత్రి బాధ్యతను విడిగా తీసుకుంది. పగలు వేరేవాళ్లు నడిపే క్లినిక్కులోనే రాత్రి వీళ్ల బృందం పనిచేయడం, తెల్లారాక రోగిని తన సొంత డాక్టరుకు అప్పగించడం పద్ధతిగా స్థిరపడింది. అమెరికాలో అయితే అత్యవసర పశువైద్యం 1989లోనే ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపు పొందింది.

ఖర్చు మాత్రం భారీగానే ఉంటుంది. బ్రిటన్‌లో రాత్రి కేవలం పరీక్షకే 200 పౌండ్లు దాటడం మామూలు. మనుషులకున్న ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ లాంటిది జంతువులకు లేదు. బీమా లేనివారు ఆ రాత్రే, ఆ బల్ల పక్కనే లెక్కలు వేసుకోవాలి. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2024 మే నెలలో పెంపుడు జంతువుల వైద్యసేవల మార్కెట్‌పై పూర్తిస్థాయి విచారణ మొదలుపెట్టింది. డబ్బు గురించి మొదటి అయిదు నిమిషాల్లోనే విప్పి మాట్లాడటం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఎంత దాకా పెట్టగలరో తెలిస్తే, ఆ డబ్బులో ఏ పరీక్ష ముందు, ఏ మందు తప్పనిసరి అన్నది డాక్టరు తేల్చగలరు. చేయగలిగింది మిగలనప్పుడు, బాధ లేకుండా కన్నుమూయించే ఇంజెక్షన్ కూడా ఆ రాత్రి వైద్యంలో భాగమే. దాన్ని ఎంచుకున్న కుటుంబాన్ని ఎవరూ నిందించకూడదు.

విషాల సంగతికి వస్తే, అక్కడ లెక్క అంతా బరువుకూ, సమయానికీ సంబంధించినది. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్‌ను మనిషి శరీరం చాలా వేగంగా వదిలించుకుంటుంది. కుక్క శరీరంలో అది సగానికి తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, అలజడి మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె లయ చెడుతుంది. 60 దగ్గర మూర్ఛ వస్తుంది. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్ చాక్లెట్‌లో 5 లేదా అంతకు మించి ఉంటాయి. పది కిలోల కుక్క వంద గ్రాముల మిల్క్ చాక్లెట్ తింటే కడుపు పాడవుతుంది. అంతే డార్క్ చాక్లెట్ తింటే గుండె మీదికి వస్తుంది. అందుకే ఫోనులో డాక్టరు మొదట అడిగేది కుక్క బరువు, తర్వాత రేపర్ మీద ఏం రాసి ఉందో. చెత్తబుట్టలోంచైనా ఆ రేపర్ వెతికి వెంట తీసుకెళ్లాలి. కొన్నిసార్లు ఆ లెక్క వేశాక ఇంట్లోనే గమనిస్తే చాలని కూడా చెబుతారు.

చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో, కొన్ని పీనట్ బటర్‌లలో వాడే జైలిటాల్ ఇంకా వేగంగా పనిచేస్తుంది. మనిషిలో అది ఇన్సులిన్‌ను పెద్దగా కదిలించదు. కుక్కలో మాత్రం క్లోమం దాన్ని చక్కెరే అనుకుని ఒక్కసారిగా ఇన్సులిన్ కుమ్మరిస్తుంది. అరగంట, గంటలో రక్తంలో చక్కెర పడిపోయి కుక్క తూలిపోవచ్చు. మోతాదు ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది.

ద్రాక్ష, కిస్‌మిస్‌లు కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు గానీ, వాటిలో ఏ పదార్థం ఆ పని చేస్తోందో ఎంతకీ తెలియలేదు. అమెరికాలో ఏఎస్‌పీసీఏ సంస్థ నడిపే జంతువుల విష సమాచార కేంద్రం వైద్యులకు దారి వేరే చోట దొరికింది. క్రీమ్ ఆఫ్ టార్టార్ కలిపిన ఇంటి పిండిముద్ద తిన్న కుక్కకూ, చింతపండు తిన్న కుక్కలకూ అచ్చం ద్రాక్ష తిన్నట్టే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఈ మూడింటిలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. 2022లో అచ్చయిన వారి పత్రం ఆ ఆమ్లమే కారణమై ఉంటుందని ప్రతిపాదించింది. ఈ సంగతి తెలుగు వంటింటికి నేరుగా తగులుతుంది. చింతపండు పిసికి పిప్పి పెరట్లో పారేసే ఇళ్లు, మిగిలిన పులిహోరా చారన్నమూ కుక్కకు పెట్టే ఇళ్లు మనకు ఎన్నో. చింతపండు ఉండ మింగిన కుక్క పైకి బాగానే ఉన్నా వెంటనే ఫోను చేయాలి, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాతే బయటపడుతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా ఇలాగే నెమ్మదిగా దెబ్బతీస్తాయి. ఎర్ర రక్తకణాలు విరిగిపోయి, కొన్ని రోజులకు చిగుళ్లు తెల్లబడతాయి.

ఇంట్లో ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించడం మన దగ్గర బాగా నడిచే పద్ధతి. అది మానేయాలి. కుక్క వాంతి చేసుకోకపోతే ఆ ఉప్పంతా రక్తంలో చేరి మెదడును దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో అపోమార్ఫిన్ ఇంజెక్షన్‌తో నిమిషాల్లో వాంతి చేయిస్తారు. విషం తిన్న మొదటి రెండు గంటల్లోనే దానివల్ల ఎక్కువ ప్రయోజనం. యాసిడ్, కిరోసిన్ వంటివి తాగితే అసలు వాంతి చేయించనే కూడదు. జ్వరమని పారాసిటమాల్, నొప్పని ఐబుప్రొఫెన్ మనుషుల డబ్బాలోంచి తీసి ఇవ్వడం కూడా విషప్రయోగమే అవుతుంది. మొదటిది కాలేయాన్ని, రెండోది కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు తిన్న కుక్క మూడు, నాలుగు రోజులు మామూలుగానే తిరుగుతుంది. ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. మొదటి రాత్రే వెళితే విటమిన్ కె1తో ఆపగలిగేది, ఆలస్యమైతే రక్తం ఎక్కించే దాకా పోతుంది.

వడదెబ్బలో మాత్రం వరుస తిరగబడుతుంది. అక్కడ ఆసుపత్రి కంటే నీళ్లు ముందు. కుక్కకు పాదాల అడుగున తప్ప పెద్దగా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. రోహిణి కార్తెలో చీకటి పడ్డాక నడకకు తీసుకెళ్లినా సిమెంటు రోడ్డు ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు అక్కడే కూలిపోతాయి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ నడిపే వెట్‌కంపాస్ రికార్డుల్లో చూస్తే, వడదెబ్బ తగిలిన కుక్కల్లో బయల్దేరే ముందు చల్లబరిచినవి 22 శాతమే. తడిగుడ్డ కప్పడం చాలదు. ఒళ్లంతా తడిసేలా నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి.

మూర్ఛ వచ్చినప్పుడు చేయాల్సింది గడియారం చూడటం. అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా బయల్దేరాలి. నోట్లో చెంచా, చెయ్యి పెట్టకూడదు. వీలైతే ఫోనులో వీడియో తీస్తే డాక్టరుకు అది ఎన్నో మాటల వివరణ కంటే ఎక్కువ పనికొస్తుంది. మన దేశంలో ఇంకో జాగ్రత్త తప్పదు. టీకాలు వేయించని కుక్క ఉన్నట్టుండి ప్రవర్తన మార్చుకుని, చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే అది రేబిస్ కావచ్చు. చేతితో నోరు తెరవకుండా ముందు ఫోనులో చెప్పాలి. కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి.

తెలుగు పల్లెల్లో రాత్రి అత్యవసరం అంటే ఎక్కువగా పాముకాటే. పామును వాసన చూడబోయిన కుక్కకు కాటు మూతి మీదో, ముందుకాలి మీదో పడుతుంది. రక్తపింజర కాటుకు వాపు, ఆగని రక్తస్రావం ఉంటాయి. నాగుపాము, కట్లపాము కాటుకు కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. మనుషులకు వాడే విషవిరుగుడు మందునే కుక్కలకూ ఎక్కిస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఆ ఒక్క మందే. రక్తపింజర అనుమానం ఉంటే కొంచెం రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూస్తారు. ఇంత చవకైన పరీక్షతో ఇంత పెద్ద నిర్ణయం తేలడం వైద్యంలో అరుదు. గాటు పెట్టడం, తాడు బిగించి కట్టడం, పసరు పోయడం వల్ల పోయేది సమయమే.

తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. అవి ప్రధానంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం వచ్చినవి. రాత్రంతా తెరిచి ఉండే పెంపుడు జంతువుల ఆసుపత్రులు పెద్ద నగరాలు దాటితే దొరకడం కష్టం. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులున్నాయి గానీ అవి అందరికీ దగ్గర కావు. ఇలాంటి చోట్ల అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం చేసిన ఒక పని ఎంతో ధైర్యమిస్తుంది. 1978లో ప్రపంచమంతా పాకిన పార్వో వైరస్ ఇప్పటికీ టీకా పడని కుక్కపిల్లలను రక్తవిరేచనాలతో చంపుతూనే ఉంది. దానికి రాత్రింబవళ్లు ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించడమే సరైన చికిత్స. అంత ఖర్చు భరించలేనివారి కోసం అక్కడి వైద్యులు, మొదట ఒకసారి సిరలో ద్రవాలు ఎక్కించి, ఆ తర్వాత చర్మం కింద ద్రవాలు, వాంతులు ఆపే ఇంజెక్షన్, ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్‌తో ఆసుపత్రిలో చేర్చకుండానే వైద్యం చేసే పద్ధతి తయారుచేశారు. ఆసుపత్రిలో ఉంచిన కుక్కల్లో 90 శాతం బతికితే, ఈ పద్ధతిలో 80 శాతం బతికాయి. చిన్న ఊళ్లో ఒక్క డాక్టరు, ఒక్క ఫ్రిజ్, రోజూ వచ్చి చూపించుకోగల యజమాని ఉంటే ఇది చేయగలిగిన పనే.

కాబట్టి టీకా కోసం పగటిపూట వెళ్లినప్పుడే డాక్టరును కొన్ని సంగతులు అడిగి పెట్టుకోవాలి. రాత్రి ఫోను ఎత్తేది ఎవరు? దగ్గర్లో పాము విరుగుడు మందు ఎక్కడ నిల్వ ఉంటుంది? ఆపరేషన్ అవసరమైతే ఏ ఊరికి పంపుతారు, అక్కడికి ఎంతసేపు పడుతుంది? ఆ నంబర్లతో పాటు కుక్క బరువు, టీకాల తేదీలు, వాడుతున్న మందులు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి, ఎందుకంటే అవసరం పడిన రాత్రి ఇంట్లో ఎవరు ఉంటారో ముందే చెప్పలేం.